స్టాంపింగ్‌కు ఇండియా వెళ్లాలా, ఆగాలా: హెచ్-1బి ఉద్యోగులకు ఒక పోలిక

హెచ్-1బి ఉద్యోగ వీసా మీద అమెరికాలో పనిచేస్తున్న తెలుగువారి ఇళ్లలో సెలవులు దగ్గరపడే కొద్దీ ఒకే చర్చ నడుస్తుంటుంది. చెల్లెలి పెళ్లికో, నాన్నగారి షష్టిపూర్తికో ఊరు వెళ్లాలి. పాస్‌పోర్టులో ఉన్న వీసా స్టాంపు గడువు ఎప్పుడో తీరిపోయింది. కొత్తది వేయించుకోకపోతే తిరిగి రావడానికి వీల్లేదు, వేయించుకుందామని వెళితే ఎన్నాళ్లకు చేతికొస్తుందో చెప్పేవారు లేరు. ఈ చిక్కులో పడినవారు సాధారణంగా మొదట చేసే పని వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఎక్కడ ఖాళీగా ఉన్నాయో వెతకడం. నా దృష్టిలో అది రెండో పని. అమెరికా బయట ఎన్ని వారాలు ఉంటే ఉద్యోగానికి, ఇంటికి, పిల్లల చదువుకు ముప్పు రాదో ముందు తేల్చుకోవాలి. ఆ సంఖ్య తేలితే కింద చెప్పబోయే దారుల్లో సగం వాటంతట అవే రాలిపోతాయి.

అంతకుముందు ఒక ప్రాథమిక విషయం స్పష్టం చేసుకోవాలి, ఎందుకంటే పదేళ్లుగా అక్కడ ఉంటున్నవారు కూడా దీన్ని కలగలిపి మాట్లాడుతుంటారు. పాస్‌పోర్టులో అంటించే వీసా స్టాంపు దేశంలోకి అడుగుపెట్టడానికి మాత్రమే అవసరం. దేశంలో ఉండటానికి, పనిచేయడానికి ఆధారం ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం, దాని వెనుక ఉన్న ఐ-797, అంటే యజమాని వేసిన హెచ్-1బి పిటిషన్‌కు వచ్చిన ఆమోద పత్రం. స్టాంపు 2023లో ముగిసినా ఐ-94 గడువు 2027 వరకు ఉంటే మీరు అమెరికాలో ఉన్నంతకాలం ఏ లోటూ లేదు. పిటిషన్ పొడిగింపు అమెరికాలోనే జరుగుతుంది, స్టాంపు కోసం మాత్రం దేశం దాటక తప్పదు. ఒకప్పుడు అమెరికా విదేశాంగ శాఖ ఆ దేశంలోనే స్టాంపు వేసేది, 2004 జూలైలో ఆ పద్ధతిని ఆపేసింది. 2024 జనవరి 29 నుంచి ఏప్రిల్ 1 వరకు 20,000 దరఖాస్తుల పరిమితితో, కెనడాలోనో ఇండియాలోనో నిర్ణీత తేదీల మధ్య వీసా పొందినవారికి మాత్రమే వర్తించేలా ఒక ప్రయోగం చేసింది. అది మళ్లీ వస్తుందన్న ఆశతో ప్రయాణాలు వాయిదా వేసుకోవడం తెలివైన పని కాదు.

పాత అనుభవాల మీద ఆధారపడి సలహాలిచ్చే స్నేహితులతో 2025 తర్వాత చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు పెట్టెలో వేసి రావడమే పనిగా ఉన్న డ్రాప్‌బాక్స్ సదుపాయం, మునుపటి వీసా ముగిసి 48 నెలలు దాటనివారికి అందుబాటులో ఉండేది. 2025 ఫిబ్రవరిలో ఆ గడువు 12 నెలలకు కుదించుకుపోయింది, అదే ఏడాది సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బి వారికి, వారి భార్య లేదా భర్త, పిల్లలకు ఇచ్చే హెచ్-4 వీసా వారికి ఆ దారి మూసుకుపోయింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉన్న మినహాయింపు కూడా పోయింది కాబట్టి చంకలో బిడ్డతో సహా ఇంటిల్లిపాదీ కాన్సులేటు కిటికీ ముందు నిలబడాల్సి వస్తోంది. సెప్టెంబరు 6న మరో ఆదేశం వచ్చింది. తాత్కాలిక వీసాలకు ఎవరైనా తమ పౌరసత్వ దేశంలోనో, చట్టబద్ధంగా నివాసముంటున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలి. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలైంది. దాని ఫలితంగా ఇండియాలో ఆ డిసెంబరు రెండో సగంలో ఉన్న ఇంటర్వ్యూలు 2026 మార్చికి, కొన్ని ఆ తర్వాతికి వాయిదా పడ్డాయి. అప్పటికే విమానం దిగి ఊళ్లో కూర్చున్నవారి పరిస్థితిని ఊహించుకోవచ్చు. పాత తేదీన వస్తే లోపలికి రానివ్వబోమని రాయబార కార్యాలయం ప్రకటించింది కూడా.

ఇక దారుల విషయానికి వద్దాం. మొదటిది వెళ్లకుండా ఆగడం. దీన్ని చాలామంది ఎంపికగా లెక్కించరు, కానీ తప్పనిసరి కారణం లేనివారికి నేను మొదట సూచించేది ఇదే. ఐ-94 చెల్లుబాటులో ఉన్నంతవరకు స్టాంపు లేకపోవడం తప్పు కాదు, దానివల్ల పొడిగింపుకు గానీ గ్రీన్ కార్డు దరఖాస్తుకు గానీ అడ్డు రాదు. అమ్మానాన్నలకు సందర్శకుల వీసా ఉంటే వారినే రప్పించుకోవడం ఈ లెక్కలో చాలా చౌక. అయితే ఈ ఎంపికకు ఒక కనిపించని ధర ఉంది. పెద్దవారికి అనుకోని అనారోగ్యం వచ్చినప్పుడు ఏ సిద్ధతా లేకుండా బయలుదేరాల్సి వస్తుంది. అందుకే ఆగే వారు కూడా పాస్‌పోర్టు గడువు, పత్రాల ఫైలు ఎప్పటికప్పుడు సరిచూసుకుని ఉంచుకోవాలి.

రెండో దారి అడ్వాన్స్ పెరోల్, అంటే తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం. ఇది అందరికీ లేదు, అమెరికాలో ఉండే గ్రీన్ కార్డు కోరే స్టేటస్ సర్దుబాటు దరఖాస్తు, అంటే ఐ-485, పెండింగులో ఉన్నవారికి మాత్రమే. 2020 అక్టోబరులో గ్రీన్ కార్డు దరఖాస్తు దాఖలు తేదీలు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు, ముఖ్యంగా ఉద్యోగ ఆధారిత మూడో శ్రేణి ఈబీ-3లో 2015 జనవరి వరకు అవకాశం వచ్చినప్పుడు, చాలా తెలుగు కుటుంబాలు ఆ దరఖాస్తు వేశాయి. అలాంటివారి చేతిలో ఆమోదం పొందిన పెరోల్ పత్రం ఉంటే కాన్సులేటు గడప తొక్కకుండానే తిరిగి రావచ్చు. అలా వచ్చినవారు సాంకేతికంగా పెరోల్ మీద ఉన్నట్టు లెక్క అయినా, అదే యజమాని దగ్గర హెచ్-1బి ఆమోదం ప్రకారం పని కొనసాగించవచ్చు, తర్వాతి పొడిగింపుతో హెచ్-1బి హోదాలోకి తిరిగి రావచ్చు. పెరోల్ మీద వస్తే హెచ్-1బి పోయినట్టేనని భయపడి, పత్రం బీరువాలో ఉంచుకుని మరీ స్టాంపింగ్ క్యూలో నిలబడేవారిని చూస్తుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక్క షరతు మాత్రం మరవకూడదు: పత్రం ఆమోదమై చేతికి వచ్చాకే విమానమెక్కాలి.

మూడో దారి ఇండియా ప్రయాణానికి పనికిరాదు, అయినా చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నవారు చాలామంది. ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నిబంధన ప్రకారం కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపు తిరిగి వచ్చేవారు, చెల్లుబాటయ్యే ఐ-94 ఉంటే, గడువు తీరిన స్టాంపుతోనే లోపలికి రావచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి అక్కడే హెచ్-1బికి మారినవారికి కూడా, పాస్‌పోర్టులో ఉన్నది పాత విద్యార్థి వీసాయే అయినా, ఇది వర్తిస్తుంది. టొరంటోలో బాబాయి కూతురి పెళ్లికో, ఆఫీసు పనిమీద మాంట్రియల్‌కో వెళ్లాల్సినవారికి ఇది చక్కని సదుపాయం. ఆ ప్రయాణంలో అక్కడి అమెరికన్ కాన్సులేటులో వీసాకు దరఖాస్తు చేశారో, ఈ సదుపాయం పోయినట్టే, దరఖాస్తు తేలేదాకా అక్కడే ఆగిపోవాలి. కెనడా వెళ్లడానికి మనవారికి ఆ దేశపు వీసా విడిగా కావాలి. మెక్సికోకైతే చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్నవారికి విడిగా వీసా అక్కర్లేదు, కానీ ఇక్కడ మన సమస్యే ఆ వీసా గడువు తీరిపోవడం. చెల్లే కెనడా వీసా ఉంటే మెక్సికో దాన్ని కూడా అంగీకరిస్తుంది. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయపు కౌంటరులో ఉన్న ఉద్యోగికి ఈ నిబంధన తెలియకపోవచ్చు కాబట్టి ఐ-94 ముద్రిత ప్రతితో పాటు నిబంధన పాఠాన్ని కూడా కాగితం మీద తీసుకెళ్లడం మంచిది.

కెనడాలోనో మెక్సికోలోనో స్టాంపింగ్ చేయించుకుని వారంలో వచ్చేయడం ఒకప్పుడు బాగా సాగిన పద్ధతి. 2025 సెప్టెంబరు ఆదేశం తర్వాత, కేవలం స్టాంపు కోసం అక్కడికి వెళ్లే సందర్శకులకు దీన్ని నేను సూచించను. చెల్లించిన ఫీజు తిరిగి రాదు, మరో దేశానికి బదిలీ కాదు. కెనడాలో శాశ్వత నివాసం ఉన్నవారి సంగతి, దుబాయిలోనో రియాద్‌లోనో నివాస అనుమతితో ఉద్యోగం చేస్తూ అమెరికా పిటిషన్ ఆమోదం పొందినవారి సంగతి వేరు. వారు నివాసాన్ని రుజువు చేసే పత్రం చూపి అక్కడే దరఖాస్తు చేసుకోవచ్చు, వారికి అదే సులువు కూడా.

మిగిలింది ఇండియా. ఎక్కువమందికి ఆఖరికి పట్టేది ఈ దారే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఢిల్లీలోని రాయబార కార్యాలయం, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ కాన్సులేట్లలో ఎక్కడైనా దరఖాస్తు చేసుకోవచ్చు, సొంత రాష్ట్రమన్న నియమం లేదు. ఫలానా ఊళ్లో తేలిగ్గా ఇస్తారని, ఫలానా ఊళ్లో గట్టిగా అడుగుతారని వినిపించే మాటలకు నేను విలువ ఇవ్వను, చట్టం అన్నిచోట్లా ఒకటే, మిగతాది కిటికీ అవతల ఆ రోజు కూర్చున్న అధికారిని బట్టి. ఎంపిక దూరాన్ని బట్టి, తేదీని బట్టి చేసుకోవడం మేలు. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరో రోజు తిరగాలి కనుక విజయవాడ, వరంగల్ వైపు వారికి హైదరాబాదే నయం. నెల్లూరు, తిరుపతి వారు మాత్రం హైదరాబాద్ మోజు మానుకుని చెన్నై చూసుకోవాలి, తిరుపతి నుంచి అది మూడు గంటల ప్రయాణం. హైదరాబాద్ కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి మారింది. వేలిముద్రల కేంద్రం అక్కడ కాదు, హైటెక్ సిటీ మెట్రో స్టేషనులో ఉంది. రెండూ ఒకేచోట అనుకుని ఉదయాన్నే ఆటోలో అటూ ఇటూ పరుగులు తీసేవారు ఇప్పటికీ ఉన్నారు.

దరఖాస్తు ఫీజు 205 డాలర్లు, చెల్లించిన నాటి నుంచి 365 రోజులు చెల్లుతుంది. 2025 జనవరి నుంచి తేదీని ఒక్కసారే ఉచితంగా మార్చుకోవచ్చు, రెండోసారి మార్చాలంటే మళ్లీ ఫీజు కట్టాలి. కనుక దొరికిన తేదీని ముందు పట్టుకుని, ఇంకా దగ్గరి తేదీ కనిపించగానే ఆలోచన లేకుండా మార్చేయడం ప్రమాదం, ఆ ఒక్క అవకాశాన్ని నిజమైన అవసరానికి దాచుకోవాలి. స్లాట్ పట్టిస్తామనే ఏజెంట్లకు పాస్‌వర్డు ఇవ్వడం అంతకన్నా ప్రమాదం. 2025 మార్చిలో బాట్ల (తమంతట తామే బుక్ చేసే సాఫ్ట్‌వేర్ల) ద్వారా బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను రాయబార కార్యాలయం రద్దు చేసి, ఆ ఖాతాలకు బుకింగ్ సదుపాయాన్ని నిలిపివేసింది.

ఇప్పుడు వారాల లెక్క. వంటింటి బల్ల మీద ఒక కాగితం పెట్టుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఈ లెక్క వేయాలని నా సలహా. మొదటి వరుసలో అంతా సవ్యంగా జరిగితే పట్టే కాలం: ఇంటర్వ్యూకు వారం ముందు దిగడం, తర్వాత పాస్‌పోర్టు చేతికి రావడానికి ఒకటి రెండు వారాలు. రెండో వరుసలో ఇంటర్వ్యూ తర్వాత మరింత పరిశీలన కోసం 221(జి) అనే సెక్షను కింద ఆగితే ఏమిటన్నది. మూడో వరుసలో ఇంటర్వ్యూయే నెలల తరబడి వాయిదా పడితే ఏమిటన్నది. ప్రతి వరుస ఎదురుగా అక్కడ ఖాళీగా ఉండే ఇంటి అద్దె, కారు వాయిదా, పిల్లల బడి, జీతం వస్తుందా రాదా అన్నది రాయాలి. ఇండియా నుంచి పనిచేయనిస్తారా, ఎన్ని వారాలు, క్లయింటు ఒప్పుకుంటాడా అన్నది మేనేజరు నోటిమాటగా కాక ఈ-మెయిల్‌లో ఉండాలి. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖల ప్రాజెక్టుల్లో ఉన్నవారికి దేశం బయట నుంచి లాగిన్ అవడానికే అనుమతి ఉండకపోవచ్చు. రెండో వరుస దగ్గరే గుండె జారితే ఆ ఏడాదికి వెళ్లకపోవడమే మంచిది. మూడో వరుసను కూడా తట్టుకోగలమనుకునే వారే పెళ్లి ముహూర్తానికి మాట ఇవ్వాలి. ఇందులో ఒక చిన్న ఊరట ఏమిటంటే, అమెరికా బయట గడిపిన పూర్తి రోజులను హెచ్-1బి ఆరేళ్ల పరిమితిలోంచి మినహాయించమని తర్వాత కోరవచ్చు, అందుకు విమాన టిక్కెట్లు, ఇమిగ్రేషన్ ముద్రలు దాచుకోవాలి.

చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి ఇంటర్వ్యూకు వెళ్లేవారిని నేను తప్పుపట్టను. వీసా వచ్చాక చేయాల్సిన నూట ఎనిమిదికి కూడా రోజులు మిగుల్చుకుని తిరుగు టిక్కెట్టు తీయమని మాత్రం చెబుతాను.

ఇంటర్వ్యూ దానికదే చాలా చిన్నది. ఫోన్లు లోపలికి రానివ్వరు, పారదర్శకమైన ఫోల్డరులో కాగితాలు పట్టుకుని వరుసలో నిలబడితే, గాజు కిటికీ అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు మూడో నాలుగో: ఏ సంస్థలో పని, ఎవరికోసం పని, జీతమెంత, చదువు ఎక్కడ. మీరు ఇరవై రోజులు సర్దిన ఫైలును అధికారి తెరిచి కూడా చూడకపోవచ్చు. హెచ్-1బికి స్వదేశానికి తిరిగి వెళ్లే ఉద్దేశం రుజువు చేయాల్సిన అవసరం లేదు కాబట్టి పొలాల పాసుపుస్తకాలు, బ్యాంకు డిపాజిట్లు మోసుకెళ్లక్కర్లేదు. ఐ-797, పిటిషన్ ప్రతి, యజమాని కార్మిక శాఖకు పెట్టిన దరఖాస్తు (ఎల్‌సీఏ), ఇటీవలి జీతపు చీటీలు, ఏడాది జీతం, పన్ను చూపే డబ్ల్యూ-2లు, డిగ్రీ, వేరేచోట పనిచేస్తుంటే క్లయింటు లెటరు ఉంటే చాలు. పిటిషన్‌లో రాసిన పనికి, మీరు నోటితో చెప్పే పనికి తేడా రాకూడదు. వెళ్లే ముందు రాత్రి కాదు, నెల ముందే పిటిషన్ ప్రతిని తెప్పించుకుని ఒకసారి చదవాలి. చాలామంది దాన్ని జీవితంలో ఒక్కసారి కూడా చదివి ఉండరు.

పాస్‌పోర్టు ఉంచుకుంటే సాధారణంగా ఆమోదించినట్టు లెక్క. కాగితం చేతికిచ్చి ఇంకా పరిశీలించాలంటే అది 221(జి). ఆ సాయంత్రం వెబ్‌సైటులో చూస్తే ‘తిరస్కరణ’ అని కనిపించి ఇల్లంతా శోకాలు మొదలవుతాయి. 221(జి) కేసులన్నిటికీ ఆ మాటే చూపిస్తారు, అది తుది నిర్ణయం కానక్కర్లేదు. అడిగిన పత్రం ఇస్తే కొన్ని రోజుల్లో తేలేవి ఉన్నాయి, భద్రతా పరిశీలన కింద నెలలు సాగేవి ఉన్నాయి. చిప్‌ల రూపకల్పన, అంతరిక్షం, అణుశక్తి వంటి సున్నిత సాంకేతిక రంగాల్లో ఉన్నవారికి రెండో రకం అవకాశం ఎక్కువ. అలాంటివారు పైన చెప్పిన కాగితం మీద రెండో వరుసనే మొదటి వరుసగా రాసుకోవాలి.

సోషల్ మీడియా విషయంలో చెప్పేది కొంచెమే. ఆన్‌లైన్ వీసా దరఖాస్తు డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన ఖాతాలన్నీ రాయాలి, వాటిని అందరికీ కనిపించేలా మార్చి ఉంచాలి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగ హోదా, తేదీలు పిటిషన్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. వాడి వదిలేసిన ఖాతాను దాచిపెట్టడం కన్నా రాసేయడమే మేలు.

పేరు సంగతి తెలుగువారికి ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, కొందరికైతే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అనే విచిత్రమైన పేరు వచ్చి చేరుతుంది, ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు నుంచి బ్యాంకు ఖాతా వరకు అదే వెంటాడుతుంది. స్టాంపింగ్‌కు ముందే పాస్‌పోర్టులో పేరు సరిచేయించుకుని, గడువు కూడా పిటిషన్ ముగిసే తేదీని దాటేలా చూసుకోవాలి, ఎందుకంటే విమానాశ్రయంలో ఐ-94ను పాస్‌పోర్టు గడువు వరకే ఇచ్చే అవకాశం ఉంది. మూడేళ్ల పిటిషన్‌కు ఎనిమిది నెలల ఐ-94తో బయటపడి, ఆ సంగతి గడువు తీరాక గమనించినవారు ఉన్నారు. రాగానే ఆన్‌లైన్‌లో ఐ-94 తీసి తేదీ చూసుకోవడం అయిదు నిమిషాల పని.

ఎఫ్-1 నుంచి హెచ్-1బికి అమెరికాలోనే మారి, తొలి స్టాంపు కోసం ఎదురుచూస్తున్న యువత ప్రధాన భయం లక్ష డాలర్ల ఫీజు. 2025 సెప్టెంబరు 21 నుంచి దాఖలైన కొత్త పిటిషన్లలో, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసిన వాటికి అది వర్తిస్తుంది. దేశంలోనే స్టేటస్ మార్పు గానీ పొడిగింపు గానీ ఆమోదం పొందినవారు తర్వాత బయటకు వెళ్లి ఆ పిటిషన్ మీదనే స్టాంపు వేయించుకుంటే ఆ ఫీజు పడదని ఇమిగ్రేషన్ శాఖ అక్టోబరులో వివరణ ఇచ్చింది. మార్పు ఇంకా పెండింగులో ఉండగా దేశం దాటితే మాత్రం ఆ మార్పు కోరికను వదులుకున్నట్టు పరిగణిస్తారు, అప్పుడు లెక్క మారిపోతుంది. కనుక వీరికి నా సలహా కచ్చితమైనది: ఆమోద పత్రం వచ్చేవరకు ఎవరి పెళ్లి ఉన్నా కదలొద్దు.

కుటుంబంతో వెళ్లేవారు అందరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ దొరికితేనే కలిసి వెళ్లడం మంచిది. దొరకకపోతే ప్రధాన దరఖాస్తుదారు ఒక్కరే వెళ్లి రావడం, హెచ్-4 వారు ఆ తర్వాత సెలవుల్లో వెళ్లడం నయం. అలా చేస్తే ఒకరి స్టాంపు ఆగినా ఇంకొకరి జీతం, పిల్లల బడి నడుస్తాయి. అమెరికాలో పుట్టిన పిల్లలకు స్టాంపు అక్కర్లేదు గానీ ఇండియాలో అడుగుపెట్టడానికి ఓసీఐ (ప్రవాస భారతీయ పౌరుల) కార్డో వీసానో ఉండాలి, దాన్ని ఆఖరి వారంలో గుర్తుచేసుకునే తల్లిదండ్రులు తక్కువేమీ కాదు.

ఇక ఎంచుకునే వ్యవధి లేని సందర్భం ఒకటి ఉంది: ఊరి నుంచి అర్ధరాత్రి ఫోను. అప్పుడు ఈ పోలికలేవీ పనిచేయవు, మనిషి బయలుదేరతాడు, బయలుదేరాలి కూడా. విమానం ఎక్కే ముందు చేయదగినవి రెండే. పై అధికారికి, కంపెనీ న్యాయవాదికి ఒక్క ఈ-మెయిల్ రాయడం మొదటిది. పిటిషన్ ప్రతి, ఐ-797 అసలు పత్రం, డిగ్రీలు ఉన్న ఫైలును చేతి సంచిలో వేసుకోవడం రెండోది. ఇండియా చేరాక డీఎస్-160 నింపి, ఫీజు కట్టి, ఎంత దూరపు తేదీ అయినా సరే ముందు ఒకటి బుక్ చేసుకోవాలి. అది ఉంటేనే అత్యవసర అపాయింట్‌మెంట్ కోరడానికి వీలుంటుంది. ఆ కోరికలో ఊళ్లో జరిగిన విషాదాన్ని కాక, అమెరికాకు తిరిగి వెళ్లడం ఎందుకు అత్యవసరమో రాయాలి, దానికి కంపెనీ లేఖ జతచేయాలి. ఆ లేఖను దశదిన కర్మలయ్యాక కాదు, బయలుదేరే రోజునే అడగాలి.